విశేషమేం లేదు, చూసొద్దామని

2024 దసరా సెలవులకు స్వీడన్ వెళ్తున్నామని చెప్పినప్పుడు మా వీధిలో వాళ్లూ, చుట్టాలూ, ఆఖరికి కూరగాయల బండి ఆమె కూడా అడిగిన ప్రశ్న ఒకటే. "ఏమ్మా, మీ మరదలికి ఏమన్నా విశేషమా?"

విశేషమేం లేదు. మా తమ్ముడికి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ స్కూలుకు పోతున్నారు. మరదలు ఉద్యోగం చేస్తోంది. వాళ్లింట్లో పురుడు లేదు, పుట్టువెంట్రుకలు లేవు, గృహప్రవేశం లేదు.

"మరి ఎందుకు పోతాండారు?"

"అక్కడ ఉత్తరాన రాత్రిపూట ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు వస్తాయి. అవి చూడను."

కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత, "అంతేనా?"

ఆ "అంతేనా" నన్ను ఇప్పటిదాకా వదల్లేదు. ఎదుటివాళ్ల మీద కోపంతో అనడం లేదు. ఇంకొకరు చెప్పి ఉంటే బహుశా నేనూ అదే అడిగేదాన్ని.

మా అక్క ముచ్చట చెప్తాను. ఆమె మూడుసార్లు అమెరికా పోయొచ్చింది. పెద్ద కూతురి పురుడుకు రెండుసార్లు, చిన్నదాని పురుడుకు ఒకసారి, పోయినప్పుడల్లా ఆరేసి నెలలు. మొత్తం పద్దెనిమిది నెలలు. ఏం చూసినావక్కా అని అడిగితే, "ఏం జూసేది? వంటిల్లు జూసినా, పిల్లోని డైపర్లు జూసినా, అద్దంలోంచి మంచు జూసినా" అంటుంది. ఒకసారి నయాగరాకు పోయారట. కారులో బిడ్డ సీటూ, అల్లుడి స్నేహితులూ పోగా చోటు మిగల్లేదు. ఈమె ఇంట్లో ఉండి సాంబారు చేసి పెట్టింది. మనవరాళ్లంటే మా అక్కకు ప్రాణం, మళ్లీ పిలిస్తే మళ్లీ పోతుంది. దాని గురించి నాకు పేచీ లేదు. మూడుసార్లు టికెట్టు కొన్నప్పుడు ఎవరూ "అంత డబ్బు ఎందుకు" అనలేదు. నా ఒక్క టికెట్టుకు అందరూ లెక్కలు వేశారు. నాకు తిక్క రేగింది అక్కడే.

మన ఆడవాళ్లం ఊళ్లు తిరగమని కాదు. తిరుపతి పోతాం, శ్రీశైలం పోతాం, అహోబిలం, మంత్రాలయం పోతాం. పెళ్లిళ్లకు పోతాం, చావులకు పోతాం, ఆస్పత్రిలో ఎవరన్నా ఉంటే క్యారేజీ కట్టుకుని పోతాం. ఆ ప్రయాణాలన్నిటికీ ఒక పనో, ఒక పుణ్యమో ఉంటుంది. ఊరికే ఒకదాన్ని చూడటానికి పోవడం మగపిల్లలకు సరదా అనిపించుకుంటుంది. నలభై ఐదేళ్ల ఇల్లాలికి మాత్రం "ఈమెకేం పోయేకాలం" అనిపించుకుంటుంది.

అసలు ఇదంతా 2024 మే నెలలో మొదలైంది. మే 10 రాత్రి సూర్యుడి నుంచి పెద్ద తుఫాను లాంటిది వచ్చి, ఎప్పుడూ ధ్రువాల దగ్గరే కనబడే కాంతులు చాలా దేశాల్లో కనబడ్డాయి. మన లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అక్కడ ఖగోళ పరిశోధనశాల ఉంది, వాళ్ల కెమెరాలకు ఆ ఎరుపు దొరికింది. మా అమ్మాయి ఆ ఫొటో నాకు ఫోన్లో చూపించింది. ఇక్కడేమో మే 13న పోలింగు. వీధిలో మైకులు, ఇంట్లో మా ఆయన ఎలక్షన్ డ్యూటీ కాగితాలు వెతుక్కుంటున్నాడు. ఆ గోలలో ఆకాశం సంగతి ఎవరికి కావాలి? నేను మాత్రం పనిమధ్యలో రెండు మూడుసార్లు ఆ ఫొటో అడిగి చూశాను.

నాకు ఆకాశం పిచ్చి మా జేజి అంటించింది. జమ్మలమడుగు పక్కన పల్లె మాది, మట్టి మిద్దె. ఎండాకాలం రాత్రి బండలు సెగ వదిలేదాకా కింద పడుకోలేక అందరం మిద్దె ఎక్కేవాళ్లం. ఉత్తరం దిక్కున నాలుగు చుక్కలు చూపించి ముసలమ్మ మంచం కోళ్లనేది జేజి. వాటి వెనక తోకలాగా ఉండే మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలట. తెల్లారేలోపు ఎత్తుకుపోతారా జేజీ అంటే, "ముసలిది నిద్రపోతే గదా" అనేది. అవే సప్తర్షులని తర్వాత కడపలో డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. నాకు ఇప్పటికీ అవి మంచం కోళ్లే.

పెళ్లయి కర్నూలు వచ్చాక మిద్దె ఎక్కింది బట్టలు ఆరేయడానికీ, వడియాలు పెట్టడానికే. రెండూ పగటి పనులు.

ఆ ఫొటో సంగతి తమ్ముడితో ఫోన్లో అంటే వాడు, "దసరాకు రాక్కా, చూపిస్తాం" అన్నాడు. ఈ కాంతులకు చలికాలమే కావాలని నేననుకున్నాను. అది కాదట. అక్కడ ఎండాకాలం రాత్రులు చీకటి పడవు కాబట్టి కనబడవు, ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ మొదటిదాకా చీకటి రాత్రులుంటాయి. పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు, మార్చి చుట్టుపక్కల ఇవి కాస్త ఎక్కువగా వస్తాయని శాస్త్రజ్ఞులు గమనించారు. పైగా సూర్యుడికి పదకొండేళ్లకు ఒకసారి వచ్చే ఉద్ధృతి అప్పుడే నడుస్తోంది. ఇంకోటి నాకు నేనుగా తట్టింది. దసరా మొదలయ్యేది మహాలయ అమావాస్య మర్నాడు. అంటే నవరాత్రుల మొదటి సగం చంద్రుడి అడ్డు పెద్దగా ఉండదు. మా ఆయన లెక్కల మాస్టారు, ఆయనకూ ఈ లెక్క తట్టలేదు. నాకు మహా గర్వంగా అనిపించింది.

డబ్బు సంగతి దాచను. తమ్ముడింట్లో దిగి, వంట మేమే చేసుకుని కూడా ముగ్గురికీ కలిపి నాలుగున్నర లక్షలయింది. అందులో రెండు లక్షలు నా చీటీ డబ్బు, నలభై నెలలు నెలకు ఐదువేలు కట్టింది. మా ఆడబిడ్డ ప్రొద్దుటూరులో ఉంటుంది. ప్రొద్దుటూరంటే తెలుసు కదా, బంగారం ఊరు. ఆమె ఫోన్లోనే లెక్క చెప్పేసింది. "వదినా, దగ్గర దగ్గర ఆరు తులాలు. పాప పెళ్లికి పనికొచ్చుండు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజమే, వచ్చుండేది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు కూడా. మూడోరోజు మా అమ్మాయే, "మా, నా పెళ్లి నా ఉద్యోగంతో చేసుకుంటాలే. నువ్వు నా పేరు చెప్పి మానుకోవద్దు" అంది. అది మంచి మాట అనాలో, పెంకి మాట అనాలో ఇంకా తేల్చుకోలేదు.

వీసా ఫారంలో ప్రయాణం ఎందుకు అని ఒక గడి ఉంటుంది. విహారం, బంధువులను చూడటం, వ్యాపారం, చదువు అని వరసగా. పత్రాలు సిద్ధం చేసే అబ్బాయి "తమ్ముడు ఆహ్వానం పంపాడు కాబట్టి బంధువుల దగ్గర టిక్కు పెడదాం మేడమ్" అన్నాడు. వాడిదే సరైన పద్ధతి, పెట్టాం. అయినా ఆ విహారం గడి మీద నాకు ఆశ పోలేదు. నలభై ఐదేళ్లలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, అడిగినప్పుడేమో జవాబు వేరే గడిలో పడింది.

ఇక అసలు ముడి. మా అత్తమ్మకు డెబ్బై ఆరేళ్లు. షుగరు, మోకాళ్ల నొప్పులు. పొద్దున ఇన్సులిన్ వేసేది నేను. ఆమెను పన్నెండు రోజులు ఎవరు చూస్తారు? ప్రొద్దుటూరు పంపాలి, ఇంకో దారి లేదు. అదీ దసరా రోజుల్లో. ప్రొద్దుటూరు దసరా అంటే రెండో మైసూరని చెప్పుకుంటారు, ఆ పది రోజులూ ఏ ఇల్లు చూసినా చుట్టాలే. మా ఆడబిడ్డ ఇంట్లో వాళ్ల అత్తగారి తరఫు వాళ్లు దిగుతారు. వాళ్లందరికీ వండుతూ అమ్మకు సూదులు వేస్తూ ఉండాలి. ఆమె వద్దనలేదు. "పోయిరాండి" అంది. ఆ "పోయిరాండి" ఎంత పొడిగా ఉందో విన్న చెవికి తెలుసు.

ఆమె కోపం న్యాయమే అని నేను ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. మొదట్లో "నేను ఇరవై రెండేళ్లుగా చూసుకుంటున్నాను, కన్నకూతురు పన్నెండు రోజులు చూసుకోలేదా" అని లోపల లోపల వాదించాను. ఆ వాదన తప్పు కాదు. కానీ ఆమె ఇంట్లో ఆమెకు సాయం ఎవరున్నారని నేను అడగలేదు.

హైదరాబాదుదాకా కారు, అక్కణ్ణుంచి రెండు విమానాలు. జొన్న రొట్టెలు ఎండబెట్టినవి ఒక డబ్బా, శనక్కాయ పొడి, నువ్వుల పొడి, చింతకాయ తొక్కు పట్టుకున్నాం. నెయ్యి మాత్రం వదిలేశాం. పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ బయటి నుంచి యూరప్‌లోకి తీసుకుపోనివ్వరు. "నెయ్యి లేకుండా పన్నెండు దినాలా" అని అత్తమ్మ మా ప్రయాణం మొత్తంలో బాధపడింది దీనికొక్కదానికే.

స్టాక్‌హోమ్‌లో ఇంకో సంగతి తెలిసింది. మా మరదలు ఆ దేశం వచ్చి ఆరేళ్లయింది, ఆ కాంతులు ఆమె కూడా ఇంతవరకు చూడలేదు. పిల్లల స్కూలు, ఆఫీసు, చలి, తర్వాత చూద్దాంలే, అంతే. ఈసారి కూడా తమ్ముడే మమ్మల్ని తీసుకుపోవాలనీ, ఆమె పిల్లలతో ఉండాలనీ అనుకుని ఉన్నారు. నేను అక్క హోదా వాడాను. "నువ్వుండి వాళ్లకు అన్నం పెట్టు నాయనా, ఆమె మాతో వస్తుంది" అన్నాను. వాడు నోరు తెరిచి మూశాడు. నాలుగు రోజులూ పిల్లలు బాగానే తిన్నారు. గుడ్లు ఎక్కువ తిన్నారని మాత్రం తర్వాత తెలిసింది.

ఆబిస్కో అనే ఊరికి పోయాం. సాయంత్రం రైలెక్కితే రాత్రంతా నడిచి మర్నాడు మధ్యాహ్నానికి చేరుస్తుంది. దారిలో కిరునా అనే ఊరు వస్తుంది. ఇనుప ఖనిజం తవ్వీ తవ్వీ నేల కుంగుతుంటే ఊరినే పక్కకు జరుపుతున్నారు. కొత్త ఊరి నడిబొడ్డును 2022లో తెరిచారు. మా ఆయన అమ్మమ్మగారి ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగింది. రూపాల సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి మా కర్నూలు జగన్నాథగట్టు మీద మళ్లీ కట్టినట్టు అందరి ఇళ్లూ కట్టి ఇవ్వలేదు కదా. ఆయన ఆ స్టేషన్ దాటేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడు, మాట్లాడలేదు.

నేను ఆశ్చర్యపోయింది ఆబిస్కో సంగతి విని. ధ్రువ కాంతులు చూడటానికి ఆ ఊరే ఎందుకంటే, అక్కడ వానలు తక్కువ. పడమటి సముద్రం మీది నుంచి వచ్చే మేఘాలు నార్వే వైపు కొండల మీదే కురిసేస్తాయి. కొండలు దాటి ఇవతలికి వచ్చేసరికి వాటిలో తడి మిగలదు. స్వీడన్ మొత్తంలో అతి తక్కువ వాన పడే చోట్లలో అదొకటి, ఏడాదికి మూడు వందల చిల్లర మిల్లీమీటర్లు. మన కథ కూడా ఇదే కదా! పడమటి కనుమలు నైరుతి మేఘాలను పిండేసుకుంటే మన సీమకు ఖాళీ మబ్బులొస్తాయి. చిన్నప్పుడు వర్షచ్ఛాయా ప్రాంతం అని పరీక్షల్లో రాసి రాసి చేతులు నొప్పి పుట్టాయి. మనకు కరువు తెచ్చిందే వాళ్లకు యాత్రికులను తెచ్చింది. అయితే అక్కడ పక్కనే డెబ్బై కిలోమీటర్ల పొడుగు సరస్సుంది, పేరు టోర్నెత్రాస్క్. మనకు అదొక్కటి తక్కువ.

అంత పొడి ఊరులో కూడా మొదటి రాత్రి మబ్బే. రెండో రాత్రీ మబ్బే. చలి సున్నా దగ్గర. స్వెటరు మీద స్వెటరు, దాని మీద తమ్ముడి కోటు వేసుకుని సరస్సు ఒడ్డున ఎలుగుబంట్లలాగా నిలబడ్డాం. ఆరు తులాలు నా కళ్ల ముందు తిరిగాయి. మా ఆయన ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ భయమేసింది.

ఆ రెండో రాత్రి కాలక్షేపానికి నేను మా అమ్మాయికి రామాయణం చెప్పాను. కిష్కింధకాండలో సుగ్రీవుడు సీతమ్మను వెతకడానికి నలుదిక్కులకూ వానరులను పంపుతాడు. ఉత్తరానికి శతబలి నాయకుడు. ఆ దిక్కున చిట్టచివర సోమగిరి అనే కొండ ఉంటుందనీ, అక్కడ సూర్యుడు లేకపోయినా ఆ కొండ వెలుగుతోనే అంతా ప్రకాశిస్తుందనీ, దాన్ని దాటి పోవద్దనీ సుగ్రీవుడు చెప్తాడు. ఈ కాంతులే ఆ సోమగిరి అని వాట్సాప్ పండితులు తేల్చేశారు. నేను అంత దూరం పోను. వాల్మీకి ఊహ అంత పొడుగు పోయిందని సంతోషిస్తాను, అంతే. మా అమ్మాయి అంతా విని, "అంటే వానరాలకు కూడా పనుండే పంపించినారు గదమ్మా" అంది. మబ్బు రాత్రి ముగ్గురు ఆడవాళ్లం గట్టిగా నవ్వాం.

మూడో రాత్రి ఎనిమిదికి బయటికి వస్తే చుక్కలు. ఎన్ని చుక్కలంటే, మా జేజి మిద్దె మీద తప్ప మళ్లీ అన్ని చూడలేదు. ధ్రువ నక్షత్రం కోసం అలవాటు చొప్పున ఉత్తరాన కింద వెతికాను. మనకు అది చింతచెట్టు కొమ్మ ఎత్తులో ఉంటుంది. ఏ ఊరి అక్షాంశం ఎంతో అక్కడ ధ్రువుడు అంత ఎత్తున ఉంటాడట, మనకు పదహారు డిగ్రీలు, అక్కడ అరవై ఎనిమిది. తల వెనక్కి వాల్చి మెడ పట్టేసేలా చూడాలి. మంచం కోళ్లు మాత్రం చూడగానే దొరికాయి. ఇంత దూరంలో కూడా దొంగలు వెంటే ఉన్నారు.

తర్వాత ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా బూడిద రంగు చార. పొయ్యి పొగ అనుకున్నాను. మరదలు ఫోన్ పెట్టి ఫొటో తీస్తే అందులో ఆకుపచ్చ! ఇది ముందే చెప్పాలి మీకు. వెలుగు సన్నగా ఉన్నప్పుడు మన కంటికి రంగు తెలియదు, కెమెరా ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది కాబట్టి దానికి తెలుస్తుంది. ఫొటోలు చూసి పోయినవాళ్లు మొదట నిరాశపడతారు. నేనూ పడ్డాను. దీనికా నాలుగున్నర లక్షలు అని ఒక్క క్షణం అనిపించింది.

పది దాటాక ఆ పొగ చిక్కబడింది. ఇప్పుడు కంటికే పచ్చన. మెల్లగా మడతలు పడింది, మడతలు కదిలాయి. మిద్దె మీద ఆరేసిన చీర గాలికి ఒక కొంగు నుంచి ఇంకో కొంగుదాకా ఊగుతుంది చూడండి, అట్ల. కింది అంచున కాస్త ఊదా రంగు మెరిసి పోయింది. మా పాత ఇంట్లో గవాక్షిలోంచి పడే వెలుగులో పొగ సుడులు తిరిగేది, చిన్నప్పుడు దాన్ని పట్టుకోబోయేదాన్ని. అదే ఆకాశమంత పెద్దదై కదిలినట్టుంది. చప్పుడు లేదు. అంత పెద్దది కదులుతుంటే ఏదో ఒక చప్పుడు రావాలి కదా అని చెవులు రిక్కించుకుని నిలబడ్డాను.

మా అమ్మాయి సంతోషం పట్టలేక ఈల వేయబోతే మరదలు ఆపింది. అక్కడి సామీ జనం వీటిని చూసి ఈల వేయొద్దంటారట, వేస్తే కిందికి దిగి ఎత్తుకుపోతాయట. వాళ్ల భాషలో వీటి పేరుకు వినబడే వెలుగు అని అర్థం చెప్తారు. రాత్రి ఈల వేస్తే పాములొస్తాయని మా జేజి కూడా అనేది. ప్రపంచంలో జేజులందరూ ఒకటే బడిలో చదివినట్టున్నారు.

ఎట్ల వస్తాయో మా ఆయన చెప్పాడు, నాకర్థమైనంత చెప్తాను. సూర్యుడి నుంచి వేడి, వెలుగే కాక సన్నటి రేణువులు గాలిలాగా వస్తూనే ఉంటాయి. భూమి అయస్కాంతం వాటి దారి మళ్లిస్తుంది, ధ్రువాల చుట్టూ మాత్రం కొన్ని కిందికి జారి గాలిని తాకుతాయి. నూరు కిలోమీటర్ల పైన ఆక్సిజన్‌ను తాకితే పచ్చ, రెండు వందలు దాటిన ఎత్తులో అదే ఆక్సిజన్ ఎరుపు. హాన్లేలో ఎర్రగా కనబడింది అందుకే. అంత దూరం నుంచి చూసేవాళ్లకు పై అంచు మాత్రమే కనబడుతుంది. ఆ సూర్యుణ్ణే చూస్తూ కూర్చోవడానికి 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి ఆదిత్య ఎల్-1 పోయిందని గుర్తు చేశాడు. శ్రీహరికోట మన రాష్ట్రమే, అదీ ఎప్పుడూ పోలేదు మేము.

కాంతి కాస్త తగ్గినప్పుడు ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "ఆ తోకలో మధ్య చుక్క చూడు. అది వశిష్ఠుడు. దాన్ని ఆనుకుని సన్నగా ఇంకోటుంది, కనబడిందా?"

కనబడింది. అరుంధతి.

2002లో మా పెళ్లి పగలు పదకొండు గంటలకు. పురోహితుడు పందిట్లోంచి ఎండలోకి పిలుచుకొచ్చి చెయ్యెత్తి చూపించి "కనబడిందా" అంటే, ఇద్దరం ముక్తకంఠంతో "కనబడింది" అన్నాం. కాపురంలో ఇద్దరం కలిసి ఆడిన మొదటి అబద్ధం అది. ఇరవై రెండేళ్లకు నిజం చేసుకున్నాం. కర్నూల్లో కూడా ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఎనిమిదికి మిద్దె ఎక్కితే కనబడే చుక్కే అది. స్వీడన్ పోవాల్సిన పని లేదు. కానీ రాత్రి ఎనిమిదికి కర్నూల్లో నేను అత్తమ్మకు రొట్టె కాలుస్తుంటాను, ఆయన పేపర్లు దిద్దుతుంటాడు. ఆకాశం అక్కడే ఉంది, మేం ఇద్దరం ఒకేసారి ఖాళీగా లేము. అందుకని "అంతేనా" అన్నవాళ్లకు నా జవాబు ఇది: అంతే. ఇద్దరం మూడు రాత్రులు ఏ పనీ లేకుండా పక్కపక్కన నిలబడి పైకి చూశాం. నా చీటీ డబ్బు దానికి పోయింది, నాకు దిగులు లేదు.

అయితే ఖర్చుకు తూగినవాళ్లందరూ పోయి తీరాలని కూడా నేననను. గండికోట బురుజు మీద అమావాస్య రాత్రి కూర్చుంటే ఆ చీకటికి పాలపుంత కనబడుతుంది, ఖర్చు బస్సు చార్జీలే. ఏది చూస్తారో మీ ఇష్టం. అడిగినవాళ్లకు మాత్రం సాకు చెప్పకండి. "దారిలో గుడుంది, దర్శనం చేసుకుని" అని అతికించకండి. చూడను పోతున్నా అనండి.

చివర్లో ఒక తమాషా. మేం ఆబిస్కో నుంచి దిగొచ్చిన రెండు రోజులకే, అక్టోబరు 10 రాత్రి, ఇంకో పెద్ద సౌర తుఫాను. యూరప్‌లో, అమెరికాలో ఎక్కడెక్కడో కనబడ్డాయి, హాన్లేలో ఆకాశం మళ్లీ ఎర్రబడింది. మేమేమో పెట్టెలు సర్దుకుంటున్నాం. మా అక్క ఫోన్ చేసి, "ఇండియాలోనే వచ్చిందంట గదే, నువ్వు ఆడికెందుకు పోయినావు?" అని ఒకటే నవ్వు.

విజయదశమి వెళ్లాక ప్రొద్దుటూరు పోయి అత్తమ్మను తెచ్చుకున్నాం. నా ఫోన్లో ఆకుపచ్చ ఫొటోలన్నీ ఆమె ఒక్కొక్కటి చూసింది. "ఇది సూసేకా అంత దూరం" అంది. మళ్లీ మొదటి ఫొటోకు తిప్పమంది. చాలాసేపు చూసి, "సముద్రం ఇట్లనే కదులుతుందంట గదా మే" అని అడిగింది. డెబ్బై ఆరేళ్ల మనిషి సముద్రం చూడలేదన్న సంగతి ఆ ఇంటి కోడలిగా ఇరవై రెండేళ్ల తర్వాత తెలిసింది నాకు. ఎప్పుడూ అడగలేదు, ఎవరూ తీసుకుపోలేదు. మోకాళ్లు చూసుకుని సంక్రాంతికి మైపాడు తీసుకుపోదామని ఆయనతో అన్నాను. ఆయన "చూద్దాం" అన్నాడు. "చూద్దాం అంటే కుదరదు, తేదీ చెప్పు" అన్నాను.

ఆడబిడ్డకు ఒక చిన్న ఉన్ని శాలువా తెచ్చాను. తీసుకుంది, బాగుందనలేదు. వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు నేనే అడిగాను, కష్టమైందా అని.

"కష్టం గాక? అమ్మ రాత్రి రెండుసార్లు లేస్తాది. ఇంటినిండా మనుషులు. నీకు రోజూ ఇదే గదా అని ఒకరోజు అనుకున్నా. ఇంకోరోజు నిన్ను బాగా తిట్టుకున్నా."

"సరేలే."

"సరేలే గాదు. నాకూ పన్నెండు దినాలు కావాల వదినా."

"ఎక్కడికి పోతావు?"

గిన్నె తోముతూ ఆలోచించింది. "ఎక్కడికో ఇంకా అనుకోలే. దినాలు మాత్రం రాసిపెట్టుకో."

వచ్చే వేసవి సెలవులని మా క్యాలెండర్లో మే నెల పేజీ మీద రాసి పెట్టాను. వాళ్ల అత్తగారికి పత్యం ఏమిటో, ఏ మాత్ర ఎప్పుడో ఇంకా అడిగి తెలుసుకోవాలి.